బావ గుండె ఫొటో, నా సాంచె లెక్క

మా ఇంట్లో గుడ్లు ఉడకబెట్టే పని నాకు ఇవ్వరు. పెళ్లయిన కొత్తలో ఇచ్చారు. నీళ్లు మరగగానే మనసులో లెక్క మొదలుపెట్టి, నాలుగు వందల ఎనభై దగ్గర గిన్నె దించేవాణ్ని. నిమిషానికి అరవై చొప్పున ఎనిమిది నిమిషాలు. లెక్కలో ఎక్కడా పొరపాటు లేదు. కానీ గుడ్డు పగలగొడితే పచ్చసొన చేతుల మీదికి కారేది. మొదట గ్యాస్ మంటను అనుమానించాను, తరువాత గిన్నె మందాన్ని, చివరికి కోళ్లను. నన్ను నేను మాత్రం ఒక్కసారి కూడా అనుమానించలేదు.

నేను చదివింది ఏడో తరగతి. కరీంనగర్‌కు గంట దూరంలో ఉన్న మా ఊళ్లో పదహారేళ్లు సాంచెలు నడిపాను. మరమగ్గాన్ని మేము సాంచె అంటాం. తరువాత నా కళ్లు బాగున్నాయని గుడ్డ తనిఖీ పనిలో పెట్టుకున్నారు. చిన్న అద్దం గుడ్డ మీద ఆనించి, అంగుళంలో పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని అని లెక్కించడం నా పని. శాతాలు, భిన్నాలు, వర్గమూలాలు పాత పాఠ్యపుస్తకాలు ముందేసుకుని నేనే నేర్చుకున్నాను. చేతికి గడియారం పెట్టుకోను. సాంచె దగ్గర దాని పట్టీ పోగులకు తగులుకుంటుందని మొదట్లో తీసేశాను. తరువాత దాని అవసరమే రాలేదు. నా లోపల ఎప్పుడూ ఒక లెక్క నడుస్తూనే ఉంటుంది.

ఆ లెక్క వల్లే మా బావ గుండె ఫొటో చెడింది.

బావ అంటే మా అక్క భర్త. వాళ్లది భైంసా. అక్కడి గంజులో, అంటే మార్కెట్ యార్డులో, పత్తి వేలం పాడడం బావ పని. దాన్నే హర్రాజు అంటారు. ఎడమ చేత్తో బండిలోంచి గుప్పెడు పత్తి గుంజి అందరికీ కనపడేలా పైకెత్తుతాడు. కుడి చెయ్యి పాట పెంచినవాడి వైపు తిరుగుతూ ఉంటుంది. నోరు తెలుగులో మొదలై ఉర్దూలో నడిచి, సరిహద్దు అవతలి రైతు కనిపిస్తే మరాఠీలోకి దూకి, "ఏక్ బార్, దో బార్, తీన్ బార్!" దగ్గర ఆగుతుంది. ఇదంతా ఒక్క ఊపిరిలో. తీన్ బార్ అనగానే అరచేత్తో బండి పలక మీద ఒక చరుపు చరుస్తాడు. ఆ చప్పుడు పడితే సరుకు పోయినట్టే. దాన్ని మార్చడం ఎవరి తరమూ కాదు.

రెండేళ్ల కింద ఒక రోజు దో బార్‌కూ తీన్ బార్‌కూ మధ్య బావ కూలబడిపోయాడు. గుండె కొట్టుకోవడం మరీ నెమ్మదించిందని చెప్పి, ఎడమ భుజం కింద చర్మం లోపల పేస్‌మేకర్ పెట్టారు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా. అందులోంచి సన్నని తీగ గుండెలోకి వెళ్తుంది. బావ బాగానే కోలుకున్నాడు. ఆ రోజు బండి ఎవరికి పోయినట్టు అన్నది మాత్రం తేలలేదని ఇప్పటికీ బాధపడతాడు.

ఈ ఏడు వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో బావకు మళ్లీ ఆయాసం మొదలైంది. వాళ్లకు నాందేడ్ ఆస్పత్రులు దగ్గరే అయినా, "బామ్మర్ది ఉన్న దిక్కు పోతే అన్నం బయట తినే పని ఉండది" అని అక్కను వెంటబెట్టుకుని కరీంనగర్ వచ్చాడు. గుండె డాక్టరు పరీక్షలు చేసి, మా ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పారు.

"గుండె ముందు గోడ మీద నాకు అనుమానం ఉన్నది. అది మచ్చవడ్డ కండనా, బతికే ఉండి అలసిపోయిన కండనా తెలవాలె. మచ్చ ఉంటే ఈ డబ్బా తీసి షాక్ ఇచ్చే పెద్ద డబ్బా పెట్టాలె. ఇంక గంజుల హర్రాజు బంద్. మచ్చ లేకుంటే గోళీలు వాడి, డబ్బా సెట్టింగ్ మార్చి చూద్దాం. పని చేసుకోవచ్చు."

"సార్, దీపావళికి పత్తి దిగుతది," అన్నాడు బావ.

"మీ గుండె అంతకన్నా ముందే దిగుతున్నది," అన్నారు డాక్టరు. "ఎమ్మారై తీపియ్యున్రి."

అక్క భయపడింది. ఎమ్మారై అంటే పెద్ద అయస్కాంతమని ఆమె విన్నది. డబ్బాను అది లోపలి నుంచి గుంజుకుంటే ఏం గావాలె అని అడిగింది. డాక్టరు పేస్‌మేకర్ కార్డు చూసి, ఇది ఎమ్మారైకి పనికొచ్చే రకమేనని, ఫొటో తీసేముందు కంపెనీ మనిషి వచ్చి డబ్బాను అందుకు తగినట్టు మారుస్తాడని, అయిపోయాక మళ్లీ మామూలు చేస్తాడని చెప్పారు. బావ భయం వేరు. బయటికి రాగానే అడిగాడు.

"బామ్మర్ది, హర్రాజు లేకుంటే నేను పొద్దంత ఏం జెయ్యాలె? మీ అక్కతోని మాట్లాడాలెనా?"

నవ్వాడు కానీ, చేతిలోని కార్డును నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పాడు. నేను లెక్కించాను.

ఎమ్మారై టెక్నీషియన్ యాభై దాటిన కరీంనగర్ మనిషి. అందరూ ఆయన్ను భాయ్ అనే పిలుస్తున్నారు. గుండె ఎప్పుడూ కదిలేదే కాబట్టి, ఊపిరి కూడా కదిలితే ఫొటో అలుక్కుపోతుందని చెప్పాడు. ఒక్కో ఫొటోకు పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టాలి. అలాంటివి చాలా ఉంటాయి.

"ఇంటికాడ జర ప్రాక్టీస్ చేపియ్యున్రి," అన్నాడు నాతో.

అంకెలు నాకు అప్పజెప్పాక ఇంక ఫికర్ ఏముంది? బావను మూడు రోజులు మా ఇంట్లో ఉంచుకున్నాను. పదిహేను అడిగితే ఇరవైకి తయారు చేయాలన్నది నా పద్ధతి. గుడ్డలోనైనా అంచు వదలకుండా కత్తిరించకూడదు. బావ మంచం మీద వెల్లకిలా పడుకునేవాడు. నేను పక్కన కూర్చుని, "ఒకటి, రెండు, మూడు" అని లెక్కించేవాణ్ని. మొదటి రోజే ఇరవై వచ్చింది. రెండో రోజు ఇరవైరెండు.

"చూసినవా, హర్రాజు గొంతంటే ఏమనుకున్నవ్?" అని మీసం దువ్వాడు బావ.

"లోపల మిషన్ చప్పుడుకు వాళ్ల మాట ఇనవడకపోవచ్చు," అని జాగ్రత్త చెప్పాను. "నీ మనసుల నువ్వే లెక్కవెట్టుకో. గిదే వేగంతోని. ఇరవై అయినంక ఊపిరి వదులు."

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి విన్నది.

"అన్నా, ఆయన లెక్కను నమ్మకు. ఆయన ఉడకవెట్టిన గుడ్డు నేను ఒక్కనాడు గట్టిగ చూడలే."

"అది కోళ్ల తప్పు," అన్నాను.

ఫొటో తీసే రోజు బావ ఒంటి మీద ఉన్న లోహమంతా తీయించారు. ఉంగరం, చెప్పుల బకిల్, మొలతాడుకున్న వెండి బిళ్ల. మొలతాడు దగ్గర బావ కాసేపు వాదించి, చివరికి అది అక్క చేతిలో పెట్టి, "హర్రాజు వెట్టకు" అన్నాడు. కంపెనీ మనిషి పెట్టె తెరిచి, బావ ఛాతీ మీద ఒక పలక లాంటిది ఆనించి, డబ్బాను మార్చాడు. బల్ల మీద పడుకోబెట్టాక భాయ్ అన్నాడు.

"అన్నా, ఎడమ చెయ్యి తలమీదికి వెట్టు."

"లేపద్దు!" అని తలుపు దగ్గర నుంచి అక్క అరిచింది. "చెయ్యి లేపద్దన్నరు! తీగ ఊడుతది!"

నర్సు ఒకామె పరుగెత్తుకొచ్చింది. భాయ్ ఎంత చెప్పినా అక్క వినలేదు. బావ తనంతట తాను ప్రయత్నిస్తే చెయ్యి భుజం ఎత్తు దాకా కూడా రాలేదు. రెండేళ్లుగా లేపని చెయ్యి, తుప్పు పట్టిన కీలు లాగా ఆగిపోయింది. "సరే, కిందనే ఉండని," అని భాయ్ నిట్టూర్చి లోపలికి పంపాడు.

నన్ను అద్దం గది గుమ్మం దగ్గర నిలబడనిచ్చారు. తెర మీద మొదటి బొమ్మ వచ్చింది. నేను ముప్పై ఏళ్లు గుడ్డ చూసినవాణ్ని. నాకు గుండె తెలియదు కానీ లోపం తెలుస్తుంది. బొమ్మలో రెండు లోపాలున్నాయి. ఒకటి, గీతలన్నీ జంటలు జంటలుగా ఉన్నాయి, ఒకే దారిలో పేక రెండుసార్లు పడ్డట్టు. రెండోది, గుండె పైభాగంలో సిరా ఒలికినట్టు పెద్ద నల్లమచ్చ, దాని చుట్టూ మెరిసే తెల్లటి అంచు.

"నల్లది డబ్బా నీడ," అన్నాడు భాయ్. "జంట గీతలు ఊపిరివి. మీ బావ ఊపిరి పట్టలేకపోతుండు."

"ఎందుకు పట్టడు భాయ్? ఇరవై దాక పడుతడు. నేనే నేర్పిన."

"ఇరవై ఏడిది? పది గాకముందే వదులుతుండు. పేషంటు ఊపిరి పట్టలేకపోయిండు అని రాసిస్త. డాక్టర్ సాబ్ దాన్ని బట్టి చూసుకుంటడు."

ఆ ఒక్క మాట కాగితం మీదికి ఎక్కితే డాక్టరు అనుమానానికి తోడు దొరికినట్టే. బావ హర్రాజు నేను చూస్తుండగానే పోతున్నది.

"మీ మిషన్ నెమ్మదిగ నడుస్తున్నట్టున్నది," అన్నాను.

భాయ్ కుర్చీ తిప్పి నా వైపు చూశాడు. గోడ గడియారం చూపించి, "జర లెక్కవెట్టున్రి ఇరవై," అన్నాడు.

లెక్కించాను. ఇరవై అనేసరికి సన్నముల్లు పన్నెండు నుంచి రెండుకు వచ్చింది. మళ్లీ లెక్కించాను. మళ్లీ అంతే.

"మీ గడియారం సెల్ అయిపోయింది," అన్నాను.

భాయ్ ఫోను తీసి అందులో గడియారం పెట్టాడు. ఇరవై అన్నాను. పది చూపించింది.

"ఏం పని చేస్తరు?"

"సాంచెల కాడ."

"సాంచె నిమిషానికి ఎన్ని కొడతది?"

"మాది నూట ఇరవై," అన్నాను. ఆ అంకె నోట్లోంచి బయటపడ్డాక నాకే వినిపించింది. నూట ఇరవై. అరవై కాదు. పదహారేళ్లు చెవి పక్కన పేక పోగు మోసే నాడె అటూ ఇటూ కొట్టుకున్న వేగమే నా లోపల స్థిరపడింది. దాన్నే నేను సెకన్లనుకుంటూ వచ్చాను. ఇరవై ఏడేళ్ల కిందటి గుడ్లు ఒక్కసారిగా కళ్ల ముందు కదిలాయి. కోళ్లన్నిటికీ మనసులోనే దండం పెట్టుకున్నాను.

"బావ పట్టలేక కాదు భాయ్," అన్నాను. "నేను ఇరవై అయినంక వదులుమని చెప్పిన. ఆయన నా మాట ఇన్నడు."

భాయ్ టేబుల్ మీద చేతులు పెట్టి నవ్వాడు. నవ్వడం అయ్యాక, రాయబోయిన మాట రాయలేదు. మైకులో బావకు, "అన్నా, లెక్కవెట్టకు, నేను చెప్పినప్పుడు వదులు" అన్నాడు. కానీ అప్పటికే బావ అలసిపోయాడు. వేగం ఒకసారి ఒంటికి పట్టాక పోదు. పది దగ్గరే ఊపిరి దానంతటదే జారిపోతున్నది.

చివరగా రక్తంలోకి ఒక మందు ఎక్కించి, కొంతసేపు ఆగి తీసిన ఫొటో అసలైనది. మచ్చ పడ్డ కండ ఉంటే అది ఆ ఫొటోలో తెల్లగా వెలుగుతుందట. ముందు గోడ మీద తెల్లగా ఉన్నది.

సాయంత్రం డాక్టరు ఆ బొమ్మ మా ముందు పెట్టారు.

"మచ్చ తెల్లగనే ఉంటది. డబ్బా నీడ అంచు కూడ తెల్లగనే ఉంటది. రెండూ ఒక్క చోటనే పడ్డయి. ఇది ఏ తెలుపో నేను చెప్పలేను."

ఇక్కడ నాకు మాట్లాడే ధైర్యం వచ్చింది, ఎందుకంటే ఇది మా పనే. గుడ్డ మీద తెల్లగా కనబడితే అది మరకనా, కిటికీ వెలుగా అన్నది మేము రోజూ తేల్చుకునేదే. గుడ్డను కాస్త జరుపుతాం. మరకైతే గుడ్డతో పాటు జరుగుతుంది. వెలుగైతే ఉన్న చోటే ఉంటుంది.

"సార్, డబ్బాను జర జరిపి చూస్తే? తెలుపు డబ్బా ఎంబడి పోతే అది డబ్బాది. గుండె మీదనే ఉంటే గుండెది."

డాక్టరు కళ్లద్దాలు తీశారు. "అందుకే చెయ్యి లేపుమన్నది. చెయ్యి లేస్తే డబ్బా పైకి పోతది. ఊపిరి నిండుగ పీల్చి పట్టుకుంటే గుండె కిందికి దిగుతది. నడుమ దూరం పెరుగుతది. ఆపరేషన్ అయి రెండేండ్లయింది, చెయ్యి ఎందుకు లేపలే?"

అక్క తల దించుకుంది. "లేపద్దన్నరు సార్."

"కొన్ని వారాలే గదమ్మా."

"వద్దని చెప్పిన్రు. మల్ల లేపుమని ఎవలు చెప్పలే."

ఆమె మాటలో తప్పేముంది? బావ చొక్కా వేసుకుంటే ఎడమ చెయ్యి ఆమే తొడిగింది. దువ్వెన, సబ్బు, చెంబు అన్నీ కుడి వైపుకు మార్చింది. గంజులో పత్తి ఎత్తి చూపడానికి ఒక హమాలీని ఒప్పించింది. రాత్రి నిద్రలో చెయ్యి లేస్తుందేమోనని తన కొంగుకు ముడేసుకుని పడుకునేదట. రెండేళ్ల కాపలా. దాన్ని ఒక్క మాటతో తీసేయడం డాక్టరుకు కూడా కష్టమైనట్టుంది.

"తల్లీ, మీరు మంచిగనే చూసుకున్నరు," అన్నారు. "ఇప్పుడు రెండు వారాలు టైం ఇస్త. మెల్లగ చెయ్యి లేపియ్యున్రి. ఇంకోసారి ఫొటో తీద్దాం. అప్పుడు కూడ గిట్లనే వస్తే, ఉన్నదాన్ని బట్టి పెద్ద డబ్బాకే పోవాలె."

రెండు వారాలు బావ, అక్క మా ఇంట్లోనే ఉన్నారు. మొదటి రోజు మా ఆవిడ గోడ మీది గడియారం దించి తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"మా పుట్టింటోళ్లు పెట్టింది ఇది. ఇరవై ఏడేండ్ల సంది గోడకే ఉన్నది. ఒక్కసారన్న మొఖం చూసినవా దాంది?"

బావకు మాత్రం పండగ వచ్చింది. బామ్మర్దిని ఆడిపోసుకోవడానికి బావలకు కారణం అక్కర్లేదు. ఇప్పుడు కారణం కూడా దొరికింది.

"చెల్లె, నీ మొగనికి ఎన్నేండ్లు?"

"యాభై నాలుగు అన్నా."

"అంటే ఇరవై ఏడు. ఇంక పిల్లగాడే. ఊకో."

అన్నం వడ్డిస్తే, "రెండు ముద్దలు చాలు, మీ ఆయన లెక్కల నాలుగు వెట్టు" అనేవాడు. బస్సు గంటలో వస్తుందని నేనంటే, "అయితే అరగంటలనే ఉరకాలె" అనేవాడు. నేను ఏం మాట్లాడినా దాన్ని సగం చేసో రెండింతలు చేసో తిరిగి నా మీదికే విసిరేవాడు. నేను భరించాను. తప్పు చేసింది నేను.

చెయ్యి పని గోడ దగ్గర జరిగింది. బావ గోడకు ఎదురుగా నిలబడి, ఎడమ చేతి వేళ్లను బల్లిలాగా గోడ మీద పైకి నడిపించాలి. ఎక్కడ ఆగితే అక్కడ నేను సుద్దముక్కతో గీత పెట్టేవాణ్ని. అక్క పక్కనే నిలబడేది. వేళ్లు ఒక్కో అంగుళం ఎక్కుతుంటే ఆమె చెయ్యి కూడా గాలిలో ఎక్కేది, పడితే పట్టుకోవడానికి. మూడో రోజు గీత చెవి దాకా వచ్చింది. ఏడో రోజు నడినెత్తి. తొమ్మిదో రోజు గీత అక్కడే ఆగింది, పదో రోజు కూడా. బావ విసుక్కుని కూర్చున్నాడు.

"హర్రాజు పోతే పోయింది. నీ గోడ మీద గీతలు చూసుకుంట బతుకుత."

అప్పుడు అక్కే అన్నది, "లే. పత్తి జూపియ్యి." మంచం మీది పాత దిండు విప్పి గుప్పెడు దూది తీసి ఆయన ఎడమ చేతిలో పెట్టింది. "పై వరుసల పాట పెంచే సేట్లకు కనవడాలె."

దూది చేతిలో పడేసరికి ఆ చెయ్యి మారిపోయింది. మూతి ముడుచుకుంటూ, నొప్పికి కన్ను మూస్తూ, గీతను దాటి పైకి వెళ్లింది. నేను గీత పెట్టడం మరిచిపోయాను.

ఊపిరి సంగతి ఇంకా తేలలేదు. నిజమైన గడియారం పెడితే బావ మొదటి రోజు పట్టింది తొమ్మిది సెకన్లు. ఒక్క ఊపిరిలో హర్రాజు పాడే మనిషి! ఆయన మొహం చూడలేకపోయాను. పదకొండయింది, పన్నెండయింది, అక్కడ ఆగింది. నేను గడియారం చూస్తూ నిజమైన సెకన్లు పైకి లెక్కించేవాణ్ని. నా నోట అవి నత్తల్లా నడిచేవి. ప్రతి అంకె దగ్గరా బావ కనుగుడ్లు నా వైపు తిరిగేవి, ఇంకెంత అని.

"నీ అంకెలు వద్దు," అన్నాడు చివరికి. "అంకె ఇనవడితే ఊపిరి దాని దిక్కే చూస్తది. నువ్వు నోరు మూసుకో. నేను లోపల హర్రాజు పాడుకుంట. తీన్ బార్ కాడ వదులుత."

నిండుగా ఊపిరి పీల్చి కళ్లు మూసుకున్నాడు. నేను గడియారం ఒక్కటే చూశాను. పది. పన్నెండు. కుడి చెయ్యి మెల్లగా లేచి ఎవరో కనిపించని సేటు వైపు తిరిగింది. అక్క దాన్ని పట్టుకుని కిందికి నొక్కింది. పద్నాలుగు. పదిహేను. పదహారు దగ్గర అరచెయ్యి మంచం పట్టె మీద ఫట్టుమని పడింది. ఊపిరి వదిలాడు.

"ఎవరికి పోయింది?" అని అడిగింది మా ఆవిడ.

"నీ మొగనికే. సగం రేటుకు."

రెండోసారి ఫొటోకు వెళ్లినప్పుడు భాయ్ బావను చూసి, "అన్నా, మీ లెక్కల మాస్టర్‌ను తెచ్చినవా?" అన్నాడు. నేను ఈసారి నోరు మెదపనని మాటిచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాను. బావ బల్ల మీద పడుకుని, ఎడమ చేతిని తనంతట తానే ఎత్తి తల మీద పెట్టుకున్నాడు. తలుపు దగ్గర అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది, మాట బయటికి రాకుండా.

భాయ్ మైకులో ఊపిరి నిండుగా పీల్చమన్నాడు. మిషన్ మోగింది. ఆగింది. ఆ వెంటనే లోపల నుంచి ఫట్టుమని ఒక చప్పుడు.

"గదేంది?" అని అదిరిపడ్డాడు భాయ్.

"తీన్ బార్," అన్నాను. "సరుకు పోయింది. ఇంకో బండి వెట్టున్రి."

అలా పోయిన బండ్లెన్నో నేను లెక్కించలేదు. తెర మీద గీతలు ఇప్పుడు జంటలుగా లేవు. ఒక్కో గీత ఒక్కటిగా, పోగు పోగుకూ మధ్య దారి కనిపించేంత శుభ్రంగా ఉన్నది. నల్లమచ్చ భుజం వైపు జరిగింది. మందు ఎక్కించి తీసిన చివరి ఫొటో వచ్చేటప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. గుడ్డ తనిఖీలో నేను ఎన్నడూ చేయని పని అది.

"చూడున్రి," అన్నాడు భాయ్.

తెల్లటి అంచు నల్లమచ్చ వెంబడే పైకి పోయింది. దాని కింద ముందు గోడ మామూలుగా, మసకగా, బూడిద రంగులో ఉన్నది. మచ్చలేని గుడ్డను చూసి ఇంత సంతోషపడటం నాకు అదే మొదటిసారి.

డాక్టరు తొందరపడలేదు. పైన ఒక మూల ఇంకా నీడలోనే ఉందని, దాని గురించి తాను ఏమీ చెప్పలేనని, కనిపించినంత మేర మచ్చ లేదని చెప్పారు. పెద్ద డబ్బా ఇప్పుడు అవసరం లేదు. గోళీలు, డబ్బా సెట్టింగ్ మార్పు, మూడు నెలలకోసారి చూపించుకోవడం.

"హర్రాజు సార్?"

"పాడుకో. కాని గొంతు చించుకోవద్దు. మైకు వెట్టుకో."

బావ మొహం మాడిపోయింది. "ముప్పై ఐదేండ్లల్ల మైకు వట్టలే సార్. గంజుల ఇజ్జత్ పోతది."

"మైకు లేకుంటే హర్రాజు లేదు," అన్నారు డాక్టరు. ఆ మాట మీద ఇక పాట లేదు.

దీపావళి దాటాక భైంసా వెళ్లాను. పత్తి బండ్లు గంజు గేటు అవతలి దాకా ఉన్నాయి. బావ మెడలో మైకు వేలాడుతున్నది. కాసేపు దాన్ని చీమలాగా దులుపుకున్నాడు, తరువాత మరిచిపోయాడు. హమాలీ పత్తి తీయబోతే వద్దని సైగ చేసి, ఎడమ చేత్తో తానే గుప్పెడు గుంజాడు. చెయ్యి లేచింది. గోడ మీద నేను చివరగా పెట్టిన గీత కంటే ఎంత పైకి లేచిందో కొలిచే సాధనం నా దగ్గర లేదు. అక్క ఆ వేళ గంజుకు రాలేదు. చూడలేనన్నది.

పాట మొదలైంది. "బోలా, బోలా!" అని పాట పెంచమంటూ గొంతు అన్ని భాషలూ తిరుగుతున్నది. నేను మా ఆవిడ కొనిచ్చిన కొత్త చేతి గడియారం వైపు వంగి చూస్తున్నాను. పది. పదమూడు. రెండేళ్ల కింద ఆగిపోయిన చోటికి వస్తున్నాడు. ఏక్ బార్. దో బార్.

అక్కడ బావ ఆగాడు. నా ఊపిరి కూడా ఆగింది. గుంపులో తల వంచి గడియారం చూస్తున్న నన్ను ఆయన చూశాడు.

"సేట్లూ, జర సబర్ చెయ్యున్రి," అన్నాడు మైకులో. గంజు గంజంతా విన్నది. "గా మూలకు మా బామ్మర్ది లెక్కవెడుతుండు. ఆయనకు ఇరవై అయితే మనకు పది. మనం అందుకునేదాక ఆగున్రి."

సేట్లు, హమాలీలు, బండ్ల మీది రైతులు అందరూ నా వైపు తిరిగి నవ్వారు. సిగ్గుతో గడియారం చెయ్యి వెనక్కు దాచుకున్నాను.

"తీన్ బార్!" అన్నాడు బావ. అరచెయ్యి బండి పలక మీద పడింది.

అప్పుడు ఊపిరి వదిలాను. ఎన్ని సెకన్లు బిగబట్టానో నాకు తెలియదు.